జేజి దిగిన శ్రుతి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తయారైన ఏ శ్రుతిపెట్టె అయినా నోరు తెరవకుండా గడప దాటేది కాదు. నోరు తెరవడమంటే, కొత్త పెట్టెను నడిమింట్లో పీట మీద పెట్టి మా జేజినాయన, అంటే మా తాత, దాని తిత్తి కదిలిస్తుంటే, మా జేజి, అంటే నాయనమ్మ, పక్కన కూర్చుని ఒక మంగళహారతి మొదటినుంచి చివరిదాకా పాడాలి. పాట అయ్యాక పెట్టెకు కుంకుమ పెట్టి కొన్నవాళ్ల చేతికి ఇచ్చేవారు. బస్సు వెళ్లిపోతుందని వాళ్లు ఎంత గింజుకున్నా మా జేజినాయన లక్ష్యపెట్టేవాడు కాదు. పసిబిడ్డకు అన్నం ముట్టించకుండా ఎవరైనా ఊరికి పంపుతారా అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

ఇప్పటి పిల్లలకు శ్రుతి అంటే ఫోనులోంచి వచ్చే రొద. అప్పట్లో అది చంకలో పెట్టుకుని పోగలిగినంత చిన్న టేకు పెట్టె. ఒక పక్క మేకతోలు అతికించిన గాలితిత్తి, లోపల ఇత్తడి రీడ్లు. ఆ రీడ్లను మా ఇంట్లో నాలుకలనే అనేవాళ్లం. గాలి తగిలితే నాలుక ఆడుతుంది, ఆడితే స్వరం పలుకుతుంది. భజన చేసేవాళ్లు ఆ స్వరాన్ని పట్టుకుని పాడతారు. పెట్టె ఎవరైనా చేస్తారు, నాలుక చేసేవాడే మొనగాడు అని మా జేజినాయన నమ్మకం. ఆ మొనగాడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మా అమ్మానాయనలు కోయిలకుంట్ల దగ్గర శనగ చేలల్లో సేద్యం చేసుకుంటూ, బడి కోసం నన్ను జేజి దగ్గర వదిలారు. మా వీధిలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు ఎక్కువ. తెల్లవారితే ఉలి చప్పుడు. అలాంటి చోట కూర్చుని స్వరాలు సరిచేసే పని పెట్టుకోవడమే మా జేజినాయన మొండితనానికి సాక్ష్యం. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుక చేతిలోకి తీసుకున్నాడంటే వీధిలోకి వచ్చి, కాసేపు ఉలి దించండ్రా అని కేకవేసేవాడు. వాళ్లు నవ్వుకుంటూ బీడీలు ముట్టించుకునేవాళ్లు.

నంద్యాల అంగళ్లలో మిషను మీద కోసిన రీడ్లు బిగించిన పెట్టెలు అప్పటికే వచ్చేశాయి. వాటి మీద ఆయనకు కోపం ఉండేది కాదు, ఒక రకమైన జాలి ఉండేది. అలాంటి పెట్టె ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. నన్ను గోడవైపు తిరిగి నిలబడమని, వెనకాల దాన్నొకసారి, తన పెట్టెనొకసారి పలికించేవాడు. "ఏది అరుస్తాంది, ఏది పలుకుతాంది?" అని అడిగేవాడు. సరిగ్గా చెబితే గుప్పెడు వేయించిన శనగలు. తప్పు చెప్పినా గుప్పెడే, కానీ అందులో సగం ఆయనే తినేవాడు.

తేడా ఎక్కడుందో నాకు త్వరగానే తెలిసిపోయింది. మిషను నాలుక గాలి తగలగానే ఎగిరి అందుకుంటుంది, గాలి తగ్గితే చటుక్కున నోరు మూస్తుంది. మా జేజినాయన నాలుక అట్లా కాదు. మొదలు కావడానికి చిన్న ఊపిరి తీసుకుంటుంది. తిత్తిలో గాలి అయిపోవచ్చినప్పుడు సన్నబడుతూ, సన్నబడుతూ, ఆగిందో లేదో తెలియనట్టు ఆగుతుంది. ఎంతసేపూ మొదట్లో వినొద్దని, గాలి అయిపోయే చోట వినమని చెప్పేవాడు. మంచి నాలుక అక్కడే బయటపడుతుందట.

అట్లాంటి నాలుకల్లో ఆయన తన జన్మలోకెల్లా మిన్నగా చేసినది ఒకటుంది. అది దొర్నిపాడు భజనవాళ్ల దగ్గరున్న పెట్టెలోది. తోలు చిరిగి ఒకసారి బాగుకు వచ్చినప్పుడు, నాలుక బయటికి తీసి నా అరచేతిలో పెట్టి చూపించాడు. నాలుకకూ దాని చట్రానికీ మధ్య సందు ఎంతుందో చూపడానికి నా తల వెంట్రుక ఒకటి పీకి అందులో దూర్చాడు. ఒకప్పుడు జేజి వెంట్రుక తీసేవాడట, అది నెరిసి మొద్దుబారాక నా జుట్టు మీద పడ్డాడు. ఇట్లాంటిది మళ్లీ తన చేత కాలేదని ఆయన తన నోటితోనే అన్నాడు. మా జేజినాయన అంత మాట అనడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

ఆకురాయితో నాలుక కొనలో గీరితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీరితే కిందికి దిగుతుంది. అయితే గీరిన ఇత్తడి మళ్లీ రాదు. అందుకే ఆకురాయి పట్టే ముందు రెండు నాలుకలను కలిపి పలికించి వినేవాడు. రెండూ కలవకపోతే శబ్దంలో ఒక వణుకు పుడుతుంది. ఆ వణుకు పట్టుకోవడం నేర్పడానికి నాకొక గమ్మత్తు చూపించాడు. సన్నటి టేకుపుల్ల ఒకటి ఇచ్చి, దాని ఒక కొస పళ్లతో కొరికి పట్టుకుని రెండో కొస పెట్టెకు ఆనించమన్నాడు. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకోమన్నాడు. తిత్తి కదిలించగానే స్వరం నా తలలో పుట్టినట్టు వినిపించింది. పుల్ల వదిలేసి కేరింతలు కొట్టాను.

"చెవులు మూసుకున్నా పళ్లు ఇంటాయి పాపా," అని ఆయనా నవ్వాడు.

ఒక ఏడాది శివరాత్రి పోయాక, ఆయన నాలుక సరిచేస్తూ కూర్చున్నాడు. వీధిలో ఉలులు మోగుతూనే ఉన్నాయి. ఆయన లేచి కేకవేయలేదు. చెక్కేవాళ్లలో ఒకాయన మా వసారాలోకి తొంగిచూసి, పెద్దాయన ఈరోజు మంచి గుణంలో ఉన్నాడే అని నవ్వుతూ పోయాడు. మా జేజి మాత్రం పొయ్యి దగ్గరినుంచి లేచివచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. వెనకనుంచి ఆయన్ను పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆయన ఆకురాయి ఆడిస్తూనే ఉన్నాడు. ఆమె తిరిగి పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. ఆ పూట అన్నం మాడింది.

పెట్టె లోపలి నాలుకలను ఆయన చెవికి ఆనించుకుని ఒకదానితో ఒకటి కలిపేవాడు కాబట్టి అవి కలిసే ఉండేవి. కానీ అన్నిటికంటే ముందు పలికించే మొదటి నాలుక ఆయన జ్ఞాపకంలోంచి దిగేది. దేన్నీ చూసి సరిచేయడం ఆయనకు అవమానం. చెవి మూసుకుపోతున్న కొద్దీ ఆ మొదటి స్వరమే కొంచెం కొంచెంగా కిందికి జారింది. పెట్టెలన్నీ దానివెంట జారాయి.

ఈ సంగతి నాకు జేజి గొంతు వల్ల తెలిసింది. ఆమెది కదలని గొంతు. వదిన గొంతుండగా పెట్టెందుకన్నా అని భజనవాళ్లు మా జేజినాయనను ఆటపట్టించేవాళ్లు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు పాడే హారతినే ఆమె కొత్త పెట్టెకు నోరు తెరిచేటప్పుడూ పాడేది. ఎప్పుడూ రెండూ ఒక్క చోటే ఉండేవి. ఆ ఏడాది మాత్రం పెట్టె పక్కన కూర్చుంటే ఆమె గొంతు దిగేది. పెట్టె ఎక్కడుంటే అక్కడికి దిగి, అదే సరైన చోటన్నట్టు పాడేది. ఎందుకట్లా అని నేను అడగబోతే నా నోటి మీద వేలు పెట్టింది.

"పెట్టె యాడ పలికితే ఆడ పాడల్ల. గమ్మునుండు," అంది.

భజనల్లో తాళాలు, డప్పులే కాబట్టి పల్లెలవాళ్లకు ఏమీ తెలిసేది కాదు. పెట్టె ఎంత దిగితే వాళ్లూ అంతే దిగి పాడుకునేవాళ్లు. హార్మోనియం ఉన్నవాళ్లు వస్తే దొరికిపోతామని, జేజి ఏదో సాకు చెప్పి నంద్యాల అంగళ్లకు పంపేసేది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని శ్రుతి దిగిన సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మా నాయనకు కూడా చెప్పలేదు. ఆ ఏడాదే నాకు పాటలు నేర్పడం మొదలుపెట్టింది. పక్కన ఎప్పుడూ ఏదో ఒక కొత్త పెట్టె ఉండేది. నేను నేర్చుకున్న మొదటి పాటలన్నీ ఆ దిగిన శ్రుతిలోనే నేర్చుకున్నాను.

అంతలో దొర్నిపాడు భజన పెద్ద వచ్చాడు. మా జేజినాయన కంటే వయసులో చిన్నవాడు, మెత్తటి మనిషి. వాళ్ల దగ్గరున్న పెట్టెకు జత పెట్టె ఒకటి కావాలన్నాడు. ఎదురెదురుగా కూర్చునే రెండు వరసలకూ రెండు పెట్టెలు, రెండూ ఒక్క మాదిరే పలకాలి. పాత పెట్టె తెచ్చి ఇచ్చేదా, చూసుకుని చేస్తావా అని సైగలతో కలిపి అడిగాడు. మా జేజినాయనకు రోషం వచ్చింది.

"నేను కన్న బిడ్డ గొంతు నాకు తెలీదా? పోప్పా, నువ్వు పోయి పండగ నాటికి రా."

జేజి ముఖం పాలిపోవడం నేను చూశాను. ఒక పెట్టె అయితే ఆమె దానికోసం దిగగలదు. రెండు పెట్టెలు ఎదురెదురుగా పలికితే ఆమె ఏ పెట్టె వైపు దిగుతుంది?

దొర్నిపాడు ఆయన వచ్చిన రోజు నాకు బడి లేదు. పాత పెట్టెను తలగుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. కొత్త పెట్టె మెరుగు పెట్టి, పీట మీద సిద్ధంగా ఉంది. నోరు తెరిపించే ముందు రెండూ కలిపి ఒకసారి వినిపిస్తానని మా జేజినాయన ముచ్చటపడ్డాడు. పాత పెట్టె తిత్తి తను పట్టుకుని, కొత్తది ఆయన్ను కదిలించమన్నాడు.

రెండూ కలిసి పలికాయి. వణుకు పుట్టింది. రాళ్లబాట మీద బండి చక్రం దొర్లినట్టు ఇల్లంతా ఒకటే కొట్టుకోవడం. దొర్నిపాడు ఆయన చెయ్యి ఆగిపోబోయి, జేజి ముఖం చూసి, మళ్లీ కదిలింది. మా జేజినాయన మాత్రం తల ఊపుతూ, మా ముగ్గురి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ, సంబరంగా తిత్తి కదిలిస్తూనే ఉన్నాడు.

"ఏమంటావప్పా? కవల పిల్లోల్ల మాదిరి లేవూ?"

ఇన్నేళ్ల బతుకులో నేను చాలా చావులు చూశాను. ఆ ముసలి ముఖం మీద నవ్వు ఎవరూ అందుకోక అట్లా నిలిచిపోవడం తలచుకుంటే, ఆ చావులన్నిటికంటే అదే నా గుండెను ఎక్కువగా పిండుతుంది. ఆయన చెయ్యి ఆపాడు. "ఏందీ?" అన్నాడు మెల్లగా.

జేజి ముందుకు వంగి పాత పెట్టె మీద చెయ్యి వేసింది. "ఇది ముసిలిదయింది. దీని నాలుక శ్రుతి తప్పింది. కొత్తది బాగుంది," అని గట్టిగా, పెదవులు విప్పి విప్పి చెప్పింది. దొర్నిపాడు ఆయన కూడా పాత పెట్టె వైపే చూపించాడు. "ఔనన్నా, వదిన చెప్పేది నిజమే. మావోళ్లు వానలో తడిపినారు," అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కోలేదు. ఒకరి మంచితనం ఒకరికి అంటుకుంది, అంతే.

మా జేజినాయన తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు. అట్లనా, దానిదేముంది, ఇప్పుడే సరిచేస్తా అని పాత పెట్టె మూత విప్పాడు. తన జన్మలోకెల్లా మిన్నగా చేసిన ఆ నాలుకను బయటికి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ఆకురాయి అందుకున్నాడు. దాన్ని కొత్తదానితో కలపాలంటే మొదట్లో గీరి కిందికి దించాలి. సరిగ్గా ఉన్నదాన్ని తప్పినదాని కోసం గీరబోతున్నాడు. గీరిన ఇత్తడి మళ్లీ రాదు.

జేజి చెయ్యి గాలిలోకి లేచి అక్కడే ఆగింది. అరవాలంటే తను ఏడాదిగా దాచింది బయటపడుతుంది, అరవకపోతే నాలుక పోతుంది. ఆమె నోరు తెరుచుకుంది కానీ మాట రాలేదు. ఊరంతా మెచ్చిన గొంతు అది.

నేను వెళ్లి ఆకురాయి పట్టుకున్న చేతిని పట్టుకున్నాను. వద్దు జేజినాయనా అన్నాను. ఆయనకు వినపడలేదు, పనికి అడ్డం వచ్చానని కసురుకున్నాడు. జేజి ముందర ఇంకో మాట చెప్పడానికి నాకూ నోరు రాలేదు. పనిముట్ల పెట్టె దగ్గరికి పరుగెత్తి, టేకుపుల్ల తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన పుల్లను చూశాడు. నన్ను చూశాడు. జేజి తల వంచుకోవడం చూశాడు. నాలుకను మళ్లీ చట్రంలో బిగించి మూత వేశాడు. రెండు పెట్టెలనూ పీట మీద ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టాడు. పుల్ల కొరికి పట్టుకుని రెండో కొస పీటకు ఆనించి, కళ్లు మూసుకుని, కదిలించమని సైగ చేశాడు. ఒకటి దొర్నిపాడు ఆయన, ఒకటి నేను కదిలించాం. వణుకు పుల్ల మీదుగా ఎక్కిపోయింది. ఆయన గడ్డం అదరడం మొదలైంది. అది పెట్టెల వల్ల అదిరిందో, తనంతట తను అదిరిందో నేను చెప్పలేను. మేం ఆపేశాక కూడా అది అదురుతూనే ఉంది.

పుల్లను పంచె కొసతో తుడిచి పక్కన పెట్టాడు. జేజిని అడిగాడు, "ఎన్నాళ్ల నుంచి?"

"శివరాత్రి కాడ నుంచి," అంది ఆమె. ఆయన పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"అన్ని పెట్టెలకూ దిగినావా?"

ఆమె తల ఊపింది. "ఈ పనే నీ పానం. నీ ముందర ఎట్ల చెప్పేది?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని నాకు అప్పుడే అనిపించింది. "నీ గొంతు చెడగొట్టుకున్యావు కదే నా కోసం," అని మాత్రం అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "నాలుకను బతికించినావు పాపా," అన్నాడు. పాత పెట్టెను తలగుడ్డలో తనే చుట్టి దొర్నిపాడు ఆయనకు ఇచ్చాడు. రెండోది కూడా ఇయ్యన్నా, మేం ఎట్లోకట్ల సర్దుకుంటామని ఆయన బతిమాలాడు. అది ఇంకా నోరు తెరవలేదు, గడప దాటకూడదని మా జేజినాయన ఒప్పుకోలేదు. కొత్త పెట్టెకు గుడ్డ కప్పి అటక మీద పెట్టేశాడు. ఆకురాళ్లన్నీ ఆ సాయంత్రమే చెక్కేవాళ్లకు పంచిపెట్టాడు. మళ్లీ నాలుక ముట్టలేదు.

మరునాడు నాకు తల దువ్వుతూ జేజి ఏదో చెప్పబోయింది. జడ గట్టిగా లాగి అల్లింది. చివరికి రిబ్బను ముడివేసి, ఆయనకు తనే చెప్పాలనుకుందని, ఆ రోజుకారోజు రేపు చెబుదాంలే అనుకుందని అంది. ఆమెకు నా మీద కోపం లేదు. కోపమంతా ఆయన చెవుల మీదే.

తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. జ్వరంలా వచ్చి తీసుకుపోయింది. కర్మకాండలు అయి చుట్టాలు వెళ్లిపోయాక ఇల్లు బావురుమంది. ఒక పొద్దున మా జేజినాయన నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, ఆ పెట్టె దించాడు. దుమ్ము తుడిచి పీట మీద పెట్టాడు. టేకుపుల్ల తీసుకున్నాడు. ఒక కొస పళ్ల మధ్య, రెండో కొస పెట్టె మీద. నన్ను చూసి పాడమని సైగ చేసి, తిత్తి కదిలించాడు.

నేను జేజి హారతి అందుకున్నాను. నా గొంతూ పెట్టెలోంచి ఆయనకు చేరుతుందేమోనని చేతులు దాని మీద ఆనించే ఉంచాను. నా గొంతు వెతుక్కోవలసిన పని లేకుండా నేరుగా ఆ పెట్టె స్వరం మీద వచ్చి కూర్చుంది. వణుకు లేదు, కొంచెం కూడా లేదు. ఉండదు మరి, జేజి ఆయన కోసం దిగి పాడిన చోటే కదా నేను పాట నేర్చుకున్నది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నా గొంతు ఆయన పళ్లకు ఎంత చేరిందో నాకు తెలియదు. పాట అయిపోయింది, గాలి అయిపోతూ నాలుక సన్నబడుతూ ఉంది. అది పూర్తిగా ఆగేదాకా ఆయన పుల్ల వదల్లేదు. తర్వాత పెట్టెకు కుంకుమ పెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇంగ గడప దాటొచ్చు," అన్నాడు. అని, నా ఎదుటే, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ పెట్టెతోనే నేను పెళ్లయి నంద్యాలకు వచ్చాను. తోలు ఎన్నిసార్లో మార్పించాను, నాలుక మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ రోజు పుల్ల తెచ్చి ఇచ్చినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. అట్లాగని ఏడాది పాటు ఊరందరి ముందు తన గొంతును వంచుకున్న మా జేజిది తప్పని ఎవరైనా అంటే ఊరుకోను. ఇద్దరిలో ఎవరిది సరి అని తేల్చమంటే నావల్ల కాదు. ఈ వయసులోనూ కాలేదంటే ఇక కాదు.

మొన్న మా మనవరాలు ఫోనులో శ్రుతి పెట్టి నా పక్కన కూర్చుంది. సంగీతం నేర్చుకుంటోంది, చెవి మంచిది. నేను పాడుతుంటే ఫోనులో ఏవేవో నొక్కి చూసింది. చివరికి మొహమాటపడుతూ, "జేజీ, నువ్వు ఈ శ్రుతిలోనూ లేవు, దాని కింది దాంట్లోనూ లేవు. రెండిటి మధ్యలో యాడనో ఉండావు," అంది.

చెప్పినందుకు దానికి గుప్పెడు శనగలు పెట్టాను. పైకి ఎక్కి పాడమని అది మళ్లీ ఫోను ముందుకు జరిపింది. నేను ఎక్కలేదు. నా పెట్టె తెచ్చుకుని, తిత్తి కదిలించి, ఉన్నచోటే పాడాను. మా జేజి ఒక మనిషి కోసం దిగివచ్చిన చోటు అది. నన్ను అక్కడ కూర్చోబెట్టి ఆమె వెళ్లిపోయింది.